మేజర్‌కు పెట్టని మాత్ర

మా ఇంట్లో కుక్క కూడా శాకాహారే. పెరుగన్నం మెతుకు కనపడకుండా చిదమాలి, ఉప్పు వేయకూడదు, పైన ఒక గరిటె ముద్దపప్పు. మా ఆయన ఫణికుమార్ దుకాణానికి వచ్చిన ప్రతి మేస్త్రీకీ, ప్రతి కాంట్రాక్టరుకూ ఈ సంగతి చెప్పేవాడు. "మా మేజర్ పప్పన్నం తప్ప ఇంకోటి ముట్టడప్పా. మా ఇంటి ఆచారం కుక్కక్కూడా వచ్చేసింది." గిద్దలూరులో సిమెంటూ ఇనుమూ అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి గానీ ఆచారం ఉన్న కుక్క మాత్రం మా ఒక్కరికే ఉంది. ఆ ఆచారాన్ని రెండు పూటలా చిదిమి పెట్టే చెయ్యి ఎవరిదని ఏ మేస్త్రీ అడగలేదు.

పక్కవీధి మురళీధర్ ఇంటికి ఒక పెద్ద జాతికుక్క వచ్చిందని పౌరుషానికి పోయి ఆయన కర్నూలు నుంచి ఈ లాబ్రడార్‌ను తెచ్చాడు. తెచ్చిన రోజు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో దిగాడు. ఆ మర్నాటి నుంచి దాని స్నానం నాది, పిడుదులు ఏరడం నాది, పెరట్లో పెంట ఎత్తిపోయడం నాది. మా ఇంట్లో మగవాడు తెచ్చే వస్తువేదైనా గుమ్మం దాటేవరకే ఆయనది. కానీ నిజం చెప్పాలి, మేజర్ విషయంలో నాకు ఏడుపు లేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక నేను వంటింట్లోకి వెళితే నా కోసం వెనకాలే వచ్చి కూర్చున్న ప్రాణి అదొక్కటే. మిగతావాళ్లు కాఫీ కోసం వచ్చారు.

మా ఊరికి నీళ్లు లేవు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి డ్రమ్ములు, తొట్లు, కాగులు, చివరికి పాత పెయింటు డబ్బాలు కూడా నింపి పెట్టుకుంటాం. మనుషులకు కరువైన ఊళ్లో దోమలకు మాత్రం నీళ్లకు కొదవలేదు. మేజర్‌కు టీకా వేయించడానికి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే, కొత్తగా వచ్చిన ఆఫ్రీన్ డాక్టరమ్మ దాని కడుపు నిమురుతూ చెప్పింది. "జబ్బున్న కుక్కను కుట్టిన దోమ మీవాణ్ణి కుడితే గుండెలో పురుగులు పెరుగుతాయి మేడం. సేమ్యా పోగుల్లాగా ఉంటాయి. పెరిగినాక తియ్యడం కష్టం. రాకుండా చూసుకోవడం సులువు. నెలకొక మాత్ర, అంతే." కుక్క ఇష్టంగా తినడానికి ఆ మాత్రకు మాంసం వాసన పట్టించి ఉంటుందట. మేజర్ దాన్ని నా అరచేతిలోంచి ఎంత ప్రేమగా తీసుకుందో! పప్పన్నానికి ఏనాడూ అలా తోక ఊపలేదు.

పాకెట్టును వంటింటి అలమరలో పెట్టడం నేను చేసిన ఘోరం. ఆయన పోపుల డబ్బా వెతుక్కుంటూ వచ్చి, దాని మీదున్న అక్షరాలు ఇల్లంతా వినపడేలా చదివాడు. "బీఫ్ ఫ్లేవర్ అంట! అమ్మా, సూడు మీ కోడలు వంటింట్లో ఏం దాసిపెట్టిందో!" మా అత్త సుబ్బరత్నమ్మ పూజలోంచి లేచి వచ్చింది. "ఆ తురకామె ఇచ్చిందని తెచ్చి దేవుని గూటికి ఎదురుగా పెడతావా పిల్లా? నీకు పుట్టింట్లో ఏం నేర్పినారు?" ఉత్త వాసనే అత్తమ్మా, మందే అది అని నేను అంటూనే ఉన్నాను. మాత్రలు మురిక్కాలవలోకి పోయాయి. ట్యాంకరు రాని ఆ వారంలో మా అత్త, తాగడానికి దాచిన నీళ్లతో వంటింట్లోని గిన్నెలన్నీ నాచేత తోమించింది. పెరట్లో నిలబెట్టి నా తలమీద పసుపునీళ్లు గుమ్మరించింది. ఎదురింటి మిద్దె మీద బట్టలారేసుకుంటున్న ఆడవాళ్లు ఆగి చూశారు. మాత్ర పెరట్లోనే పెడతానండీ, లోపలికి తేను అని తడిబట్టలతోనే ఆయన్ను అడిగాను. "పెట్టుకో. నువ్వు గూడా ఆ కుక్కతో పాటు పెరట్లోనే పండుకో" అన్నాడు. వాసన లేని మాత్ర ఒంగోలులో దొరుకుతుందని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. సరుకు కోసం ఒంగోలు పోయినప్పుడల్లా ఆయన ఒకటే మాట తెచ్చాడు. "మర్చిపోయినా."

ఇక్కడొక విషయం చెప్పాలి. ఆదివారాలు పదకొండుకే దుకాణం మూసి ఆయన స్నేహితులతో నంద్యాల రోడ్డు మీదికి వెళ్తాడు. ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఒక ధాబా ఉంది. తిరిగొచ్చాక ఆయన చొక్కా విప్పి బకెట్లో పడేస్తే దాన్ని ఉతికేది నేను. మసాలా, నెయ్యి, మాంసం, అన్నీ ఆ ముంజేతి మడతల్లో ఉంటాయి. మేజర్ కూడా ఆదివారాలు మాత్రమే ఆయన వేళ్లను వదలకుండా నాకేది. "సూడు, నేనంటే ఎంత పానమో" అని ఆయన మురిసిపోయేవాడు. నేను సర్ఫు నురగలో చేతులు పెట్టి చూస్తూ ఊరుకునేదాన్ని. మొగుడి గుట్టు దాచడం కూడా ఇంటిపనిలో భాగమే అనుకున్నాను.

మరుసటేడు మేజర్‌కు దగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పక్కటెముకలు తేలుతున్నాయి, పొట్ట మాత్రం ఉబ్బుతోంది. "కూర్చోబెట్టి మేపినావు, నీలాగే తయారైంది" అని ఆయన నవ్వాడు. నేనే ఆటోలో తీసుకెళ్లాను. దించి, ఆ బరువును ఎత్తుకుని ఆస్పత్రి మెట్లెక్కేసరికి నాకూ ఊపిరాడలేదు. డాక్టరమ్మ రక్తపు చుక్కను గాజుపలక మీద వేసి నన్ను కూడా చూడమంది. సన్నటి దారాల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. ఇవి పిల్లలట. పెద్దవి గుండెలో ఉన్నాయట. "పురుగుల్ని మాత్రల్తో నిదానంగా చంపుదాం మేడం. కానీ జాగ్రత్త. పురుగు చచ్చేటప్పుడే అసలు ప్రమాదం. చచ్చిన ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డం పడతాయి. పరిగెత్తకూడదు, ఎగరకూడదు. చలికాలం దాటేవరకు పూర్తిగా రెస్ట్." మాత్రలు రాస్తూ తలెత్తి నా మొహం చూసింది. "నేను కుక్కల డాక్టర్ని గానీ, మీరు గూడా ఎవరికన్నా చూపించుకోండి. కొంచెం రెస్ట్ తీసుకోండి." నేను చీటీ మడిచి కొంగున కట్టుకుని మేజర్ గొలుసు అందుకున్నాను.

రెస్ట్ అనే మాట మా ఇంట్లో చెల్లదు. నా గర్భసంచి తీసేసినప్పుడు పెద్ద డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. ఆ వేసవి మా అత్త పిండి ఉడికించి మిద్దె మీద పెట్టి, "వంగేపని కాదులే, కూర్చోని వడియాలు పెట్టు" అంది. కుట్లు ఆరకముందే బియ్యపు వడియాలు చాపల నిండా పెట్టాను. అవి చాలా బాగా వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లో కుక్కకు రెస్ట్ సంపాదించాను నేను. వంటింటి పక్క సామాన్ల గది ఖాళీ చేసి గోనెలు పరిచాను. వాసన లేని మాత్రలు డాక్టరమ్మే ఎవరిచేతో తెప్పించింది. గొలుసు పట్టుకుని పెరట్లోకి నడిపించడం, మళ్లీ గదిలో పడుకోబెట్టడం. ఎవరైనా గేటు చప్పుడు చేస్తే పరిగెత్తి వెళ్లి దాని తల ఒళ్లో పెట్టుకునేదాన్ని. "ఆహా, మహారాజ వైభోగం" అని మా అత్త మూతి తిప్పుకుంటూ పోయేది. పోనీ. దగ్గు తగ్గింది. పక్కటెముకల మీద కొంచెం కండ పట్టింది. నాకు నిజంగానే ఆశ పుట్టింది, ఈ ఇంట్లో నేనొక ప్రాణాన్ని నిలబెట్టుకోగలనని.

పై అంతస్తు కట్టించి గృహప్రవేశం పెట్టుకున్నది ఆ చలికాలంలోనే. బజారు బజారంతా భోజనాలకు వచ్చింది. మురళీధర్ సామాన్ల గదిలోకి తొంగిచూసి, "ఏందన్నా, నీ మేజర్ పెన్షన్ తీసుకున్నోని లెక్క పండుకున్యాడే! మావాడు చూడు, ఇప్పటికీ గోడ దూకుతాడు" అన్నాడు. మా ఆయన మొహం మారిపోయింది. వచ్చి గొలుసు విప్పాడు. నేను పూర్ణాల పళ్లెం కింద పెట్టి కాలరు పట్టుకున్నాను.

"వద్దండీ. పరిగెత్తితే గుండెకు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది గదా."

"నా ఇంట్లో నా కుక్క లేయాలన్నా నువ్వే సెప్పాల్నా? ఏమప్పా మురళీ, మా ఇంటికి మొగుణ్ణి నేనా, ఆ డాక్టరమ్మా?"

అందరూ నవ్వారు. నా వేళ్లను ఒక్కొక్కటిగా కాలరు నుంచి ఊడదీశాడు. అలమర మీద నేను దాచిన బంతి తీసి విసిరాడు. మేజర్ వెళ్లింది. దానికేం తెలుసు, అది కుక్క, ఇన్నాళ్లకు బంతి కనపడింది. ఆ కొత్త టైల్సు మీద కాళ్లు జారుతున్నా పరిగెత్తి నోట కరుచుకొచ్చి, ఆయన దగ్గరికి కాదు, నా కాళ్ల దగ్గర పెట్టింది. మళ్లీ విసిరాడు. మళ్లీ. చప్పట్లు కొట్టారు. ఆఖరుసారి సగం దూరంలో ఆగి, ఏదో మర్చిపోయినదానిలా నా వైపు చూసి, పక్కకు ఒరిగింది. నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చింది. నేను కూర్చుని తల ఒళ్లోకి తీసుకునేలోపే అయిపోయింది.

"శుభమా అని ఇల్లు చేరతా ఉంటే ఇదేం ఖర్మ" అంది మా అత్త. "లే పిల్లా, ముందు ఆ రక్తం తుడువు. విస్తళ్ల ముందు కూర్చున్నోళ్లు ఎంతసేపని కూర్చుంటారు?" దుకాణంలో బస్తాలు మోసే కోటి వచ్చి మేజర్‌ను సిమెంటు గోనెలో చుట్టి తీసుకుపోయాడు. నేను తుడిచాను. చేతులు కడుక్కున్నాను. వరసలో అందరికీ సేమ్యా పాయసం వడ్డించాను.  విస్తళ్లు లేచాక ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు. "పదిమందిలో పరువు తీసినావు. ఒక కుక్కను సూసుకోను గూడా సేతకాదా నీకు?"

తర్వాతి ఆదివారం ఆయన చొక్కా బకెట్లో పడింది. నేను ఉతకలేదు. తీసుకెళ్లి, పూలు కడుతున్న మా అత్త ఒళ్లో పెట్టాను. "దీని వాసన చూడండి అత్తమ్మా." ఆమె చూడలేదు, చూడాల్సిన అవసరం లేనట్టు రెండు వేళ్లతో ఎత్తి నాకే ఇచ్చింది.

"నాకు తెల్దా ఏంది? మీ మామ పొయ్యేదాకా ఆయన సొక్కాలు ఉతికింది నేనే. సర్ఫు ఇంకొంచెం ఎక్కువెయ్యి, పోతాది."

మళ్లీ పూలు కట్టుకుంది. ఆమెకు కోపం కూడా రాలేదు. నేను ఆ చొక్కా పట్టుకుని పెరట్లో, నా తలమీద పసుపునీళ్లు పడిన చోటే చాలాసేపు నిలబడ్డాను. అంటే మాంసం కాదు, వాసన కాదు, దేవుడు అసలే కాదు. మగవాడి చొక్కా మీద వస్తే సర్ఫుతో పోయేది నా అరచేతిలో వస్తే ఇల్లు కడిగినా పోదు. మేజర్ చచ్చిపోయింది దోమ కుట్టి కాదు. ఆమెకు తెలుసు, ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ముగ్గురం కలిసి ఆ ఆచారాన్ని దాని గుండెలో పెంచాం.

ఆ వారంలోనే ఆయన ఇంకో కుక్కపిల్లను తెచ్చాడు. మురళీధర్‌ను, మరో ఇద్దరు బజారువాళ్లను వెంటబెట్టుకుని వచ్చి హాల్లో దించాడు. "ఈసారన్నా సరిగ్గా సూసుకో" అన్నాడు. పిల్ల బెదిరిపోయి నిలబడ్డచోటే ఉచ్చ పోసింది. అందరూ ఒకేసారి నా వైపు చూశారు. గుడ్డ తలుపు పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. నేను చాపలేదు.

"ఎవరు తుడిస్తే కుక్క వాళ్లది. ఒప్పుకుంటారా?"

ఆయన పకపకా నవ్వాడు. "ఓసి నీ బేరం! తుడువు, నీకే ఇచ్చేసినా పో."

"మురళీధరన్నా, మీరు విన్యారు గదా?"

"విన్యా సెల్లెమ్మా. ఇంక ఆ కుక్క నీదే, మీ ఆయనకు సంబంధం లేదు" అని అతనూ నవ్వాడు.

నవ్వినా సరే. మా ఇళ్లలో బేరానికి కాగితం కంటే నోరు గట్టిది. బజారులో నలుగురి ముందు ఇచ్చేశానన్న సరుకును వెనక్కి అడిగినవాడి గడప మళ్లీ ఎవరూ తొక్కరు. నేను వంగి తుడిచాను. ఇన్నేళ్లలో కూలి ముట్టిన తుడుపు అదొక్కటే.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే పిల్లను చంకనేసుకుని ఆఫ్రీన్ డాక్టరమ్మ ఇంటికే వెళ్లాను. బరువు చూసి, దోమ కుట్టకముందే మొదలుపెడదామంది. "వాసన లేనిది తెప్పించమంటారా?" అని అడిగింది.

"వద్దు మేడం. వాసన ఉన్నదే ఇయ్యండి."

వంటింట్లోకి వచ్చి, మధ్యాహ్నం వంట ముగించి, కూరగాయలు తరిగే పలక మీద ఆ మాత్రను తుంచాను. ఇల్లంతా వాసన. పిల్ల నా వేళ్లు కూడా నాకేసింది. గుమ్మంలో మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏందిది? ఫణి ఒప్పుకున్యాడా?"

"ఆయన కుక్క కాదు గదా అత్తమ్మా, నాది. మురళీధరన్నను అడగండి."

  ఆమెకు పాత మాటే దొరికింది. "ముందు పెరట్లోకి పో. తలమీద నీళ్లు పోసుకోనిదే ఇంట్లో ఏదీ ముట్టొద్దు."

"కాగు నింపి, పసుపు కలిపే పెట్టినానత్తమ్మా" అన్నాను, పలక కడగకుండా అక్కడే వదిలేసి. "ఆదివారం గదా, ఆయన నంద్యాల రోడ్డు నుంచి వచ్చే యాళయింది. ముందు మీ కొడుకు తలమీద పొయ్యండి. ఎదురింటి మిద్దె మీద వాళ్లు బట్టలారేసుకుంటా ఉండారు. ఆయన తర్వాత నేను నిలబడతా."