దేవుణ్ణి కాను, చాకిరేవు బండను

నేను ఒక చాకిరేవు బండను. ఈ పార్కుకు వచ్చేవాళ్లు నాకు దండం పెట్టినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ నిలబడతారు. వాళ్ల కోరికలు వింటే మీకూ అసహ్యం వేస్తుంది. ఒకడు పక్కింటివాడి దుకాణం మూతపడాలని నిన్న నిమ్మకాయ పెట్టి వెళ్లాడు.

పుట్టింది ఊరవతలి గుట్టలో. నన్ను ఉలితో చీల్చి, ఎడ్లబండి మీద ఈ చెరువు ఒడ్డుకు తెచ్చి, చాకలి కనకవ్వ అత్తగారి అత్త కోసం నీళ్లలోకి వాలుగా నిలిపారు. రేవులో ఇంటికో బండ. ఒకరి బండ మీద ఇంకొకరు జేబురుమాలు కూడా ఉతకరు. కొత్తకోడలు కాపురానికొస్తే ముందు బండను చూపించి, తర్వాతే పొయ్యి చూపించేవాళ్లు. అలా వచ్చిన కనకవ్వ మొదటి రోజే నా నడ్డి విరిగేలా దుప్పటి బాదింది. ఆమె మీద నాకేం ప్రేమ లేదు. రోజూ బాదేవాళ్ల మీద ప్రేమేమిటి? కానీ ఆ దెబ్బల్లో పని ఉంది. మురికి వదిలేది, ఊళ్లో పెద్దమనుషులు తెల్లగా తిరిగేవాళ్లు.

తర్వాత చెరువుకు అందం తెస్తామని జిల్లా పార్కు వచ్చింది. నడకదారి వేశారు. తొక్కుడు పడవలు తెచ్చారు. పాటకు ఎగిరే ఫౌంటెన్ పెట్టారు, అది ప్రారంభం రోజున తప్ప ఎగరలేదు. మరుగుదొడ్లు కట్టి తాళం వేశారు, జనం నా వెనక్కి వస్తున్నారు. ఇవన్నీ పెట్టడానికి రేవు అడ్డమైంది. బండలను ఒక్కొక్కటే పెళ్లగించి కట్టలో పూడ్చుకుంటూ వచ్చారు. మిగతా ఇళ్లవాళ్లు ఇస్త్రీ బండ్లు పెట్టుకుని బతికిపోయారు. కనకవ్వకు కాలేజీ హాస్టల్ దుప్పట్లే ఆధారం. రేవు పోతే ఆ దుప్పట్లు పోతాయి, దుప్పట్లు పోతే పొయ్యి వెలగదు.

జేసీబీ నా వంతుకు వచ్చిన రోజు పొద్దున్నే ఆమె ఒక ఎత్తు వేసింది. ఏటా ఒకసారి పనిముట్టుకు మర్యాదగా బండకు పసుపు రాయడం మా రేవులో ఉన్నదే. ఆ రోజు మాత్రం కావాలని దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టి, దూరంగా నిలబడింది. డ్రైవరు నన్ను చూసి యంత్రం ఆపి చెప్పులు విడిచాడు. ఇంజనీరు గొణుక్కుంటూ నడకదారిని నా చుట్టూ వంపు తిప్పించాడు. కనకవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. జనం నా మీద పాలు పోసి కర్పూరం వెలిగించసాగారు, నా చుట్టూ ఇనుప గ్రిల్లు లేచింది. ఆమె మూట నెత్తిన పెట్టుకుని వస్తే పార్కు సూపర్‌వైజరు దశరథం అడ్డం నిలిచాడు. దేవుడి మీద విడిచిన బట్టలు ఉతికితే కళ్లు పోతాయన్నాడు. ఇది దేవుడు కాదు, నా బండ, పసుపు పూసింది నేనేనని ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది.

"నువ్వేడ పూసినవ్ అవ్వా? అమ్మనే నీతోని పూయించుకున్నది" అన్నాడు వాడు.

కొన్నాళ్లు కనకవ్వ వీధి కుళాయి దగ్గర తంటాలు పడింది. అక్కడివాళ్లు తిట్టి తరిమారు. దుప్పట్లు ఇలాగే ఆలస్యమైతే వేరేవాళ్లను చూసుకుంటామని హాస్టల్‌వాళ్లు తేల్చి చెప్పారు.

ఆ ఆదివారం పార్కు నిండా జనం. కనకవ్వ తడి దుప్పటి భుజాన వేసుకుని, గ్రిల్లు ఎక్కి లోపలికి దూకి, నన్ను బాదడం మొదలుపెట్టింది. పాలజిడ్డు, కర్పూరం మసి పొరలు పొరలుగా లేచిపోయాయి. నిజం చెబుతున్నాను, హాయిగా అనిపించింది. ఆమె ముడి ఊడింది. మొహమంతా కుంకుమ చిందింది, ఎగశ్వాసతో ఊగిపోతోంది. జనం మూగేసరికి వాళ్లకేసి తిరిగి అరిచింది.

"ఇది నా బండ. గ్రిల్లు తీయుండ్రి. నా జాగ నాకియ్యుండ్రి."

దశరథం బురదలోనే సాష్టాంగపడ్డాడు.

"తప్పయింది తల్లీ. గ్రిల్లు తీసేస్తం. నీ జాగల నీకు గుడి కట్టిస్తం."

పూనకం రాలేదు, నేను చాకలి కనకవ్వనని ఆమె ఎంత చెప్పినా, అవును తల్లీ అవును తల్లీ అన్నారు. పిల్లల్ని తెచ్చి ఆమె కాళ్ల మీద పడేశారు. ఆఖరికి నా పక్కన కూలబడి భోరున ఏడ్చింది. అమ్మ కరుణించిందన్నారు ఆ దరిద్రులు.

గ్రిల్లు తీసి గోడలు లేపారు. హాస్టల్ పని ఎవరో మిషన్లవాళ్లకు వెళ్లిపోయింది. కనకవ్వ ఈ వైపు రావడం లేదు. ఆమె వదిలేసిపోయిన దుప్పటిని నాకు పట్టుచీరలా చుట్టబెట్టారు. సగమే ఉతికిన దుప్పటి. ఇంకా చెమట కంపు కొడుతోంది. వచ్చినవాళ్లంతా దాన్ని కళ్లకద్దుకుని పోతున్నారు.