మే నెలలో రెండు డిగ్రీలు

సురేంద్ర ఏం ఉద్యోగం చేస్తాడని ఎవరైనా అడిగితే, వాళ్ళమ్మ ఈశ్వరమ్మ "కార్లలో ఏసీలకి చదువు చెప్తాడు" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. విదేశాల్లో తయారయ్యే కార్ల ఏసీలకు రాయదుర్గంలోని ఒక అద్దాల మేడలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసే బృందానికి అతను లీడు. కారు లోపల ఎంత వేడి ఉంది, బయట ఎంత ఉంది అని కొలిచే సెన్సర్లు పాడైతే ఎలా కనిపెట్టాలన్నది అతని ప్రత్యేకత. "చచ్చిన సెన్సర్‌ని ఎవడైనా పట్టుకుంటాడు. నమ్మేలాగా అబద్ధం చెప్పేదాన్ని పట్టుకున్నవాడే ఇంజనీరు" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు. పాపం, వాళ్ళు నమ్మేవాళ్ళు.

ఈ మహానుభావుడి ఇంట్లో ఐలయ్య అని ఒక డ్రైవరు ఉండేవాడు. మూసాపేట మనిషి, నలభై దాటినవాడు. ఈశ్వరమ్మను దవాఖానకీ గుడికీ తిప్పడం అతని పని. కడప నుంచి వచ్చిన ఆవిడకు హైదరాబాదులో కొడుకూ కోడలూ కాక మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారంటే ఐలయ్యే.

ఎండలు ముదిరాక ఒకరోజు ఐలయ్య తాళాలు ఇస్తూ చెప్పాడు. "సార్, ఏసీ నడుమ నడుమ బందైతుంది. జర షోరూముల సూపియ్యుండ్రి."

సురేంద్ర ఆ సాయంత్రం కారు తీసుకుని కొండాపూర్ దాకా వెళ్ళొచ్చాడు. ఏసీ చల్లగా, హాయిగా నడిచింది. ఆఫీసులో ఎవరైనా ఫిర్యాదు పంపితే వాళ్ళు మొదట చేసే పని అదే. తమ బల్ల మీద ఆ తప్పు మళ్ళీ కనబడితే తప్పున్నట్టు, కనబడకపోతే వాడినవాడి పొరపాటని రాసి ఫిర్యాదు మూసేయడం. ఐలయ్య ఫిర్యాదునూ అలాగే మూసేశాడు. ఐలయ్య ఇంకోసారి చెప్పాడు. "మీరు నడిపితే మంచిగనే ఉంటది సార్. హఫీజ్‌పేట్ గల్లీలల్ల స్పీడ్ బ్రేకర్లు దాటంగనే వేడిగాలి వస్తుంది." సురేంద్ర నవ్వి, స్పీడ్ బ్రేకరుకూ ఏసీకీ సంబంధం ఏముంటుందిలే అన్నాడు. సంబంధం ఏముంటుందో తెలుసుకోవడానికే తనకు జీతం ఇస్తున్నారని ఆ క్షణాన అతనికి తోచలేదు.

తర్వాతి వారం, దవాఖాన నుంచి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఈశ్వరమ్మ వెనక సీట్లో సొమ్మసిల్లింది. ఐలయ్య కిటికీలన్నీ దించి, మొహాన నీళ్ళు చల్లి, వెనక్కి తిప్పి అదే దవాఖానకు చేర్చాడు. వడదెబ్బ అన్నారు డాక్టర్లు. సురేంద్ర పరుగున వచ్చి బయట ఆపి ఉన్న కారెక్కి ఇంజను తిప్పాడు. ఏసీ చక్కగా పనిచేసింది. ఇంకేం కావాలి అతనికి?

"పెట్రోలు డబ్బులు మిగుల్చుకోవడానికి ఏసీ ఆపేస్తున్నావ్ కదూ?" అని దవాఖాన మెట్ల మీద, నలుగురి ముందూ అడిగాడు.

"నేను ముట్టలే సార్," అన్నాడు ఐలయ్య.

మంచం మీంచి ఈశ్వరమ్మ చెప్పింది. "ఆ మనిషి ఏసీ కట్టేయలేదు నాయనా. నేను చూస్తానే ఉండా. ఊరికే మంది మీద పడొద్దు." స్పృహ తప్పిన మనిషికి ఏం తెలుస్తుందని కొడుకు ఆ మాటనూ కొట్టిపారేశాడు. ఐలయ్యను మాన్పించాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాళ్ళ గేటెడ్ కమ్యూనిటీలో పనిమనుషులకూ డ్రైవర్లకూ పని బాగోగులు చూసి అయిదింటికి ఇన్ని చుక్కలని వేసే యాప్ ఒకటుంది. అందులో ఐలయ్య ఫొటో కింద ఒకే ఒక్క చుక్క వేసి, "మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చాడు, పెట్టుకోకండి" అని రాశాడు. ఆ వరసలో ఉన్న అపార్టుమెంట్లన్నిటికీ అదే యాప్. ఇక ఏ గేటులోనూ ఐలయ్యకు పని దొరకలేదు.

కొత్త డ్రైవరు దొరికేదాకా సురేంద్రే కారు నడిపాడు. ఒక మిట్టమధ్యాహ్నం అమ్మకు మందులు కొనడానికి హఫీజ్‌పేట్ గల్లీలోకి తిప్పాడు. స్పీడ్ బ్రేకరు మీద కారు ఎగిరిపడింది. రెండు నిమిషాలు తిరక్కుండా ఏసీలోంచి వేడిగాలి కొట్టింది.

కారు పక్కకు ఆపి, ఆఫీసు పనికోసం బ్యాగులో పడి ఉండే స్కానరు తీసి స్టీరింగు కింద తగిలించాడు. కారు తనలో తాను ఏమనుకుంటోందో దాని ద్వారా ఫోనులో కనిపిస్తుంది. బయటి గాలి వేడి: రెండు డిగ్రీలు. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది, కారేమో మంచు పడుతోందనుకుంటోంది. అంత చలిలో కంప్రెసరు నడిపితే పాడవుతుంది కనుక, బుద్ధిగా దాన్ని ఆపేసింది. సెన్సరు పూర్తిగా తెగిపోయి ఉంటే ఎర్రలైటు వెలిగేది. రెండు డిగ్రీలు లోకంలో ఎక్కడో ఒకచోట ఉండేవే కనుక కారుకు ఏ అనుమానమూ రాలేదు.

బానెట్ ఎత్తి, ముందు జాలీ వెనక ఉన్న ఆ చిన్న సెన్సరు దాకా చెయ్యి పోనిచ్చాడు. వైరు కదిపితే అంకె నలభై రెండుకు ఎగిరింది. వదిలితే మళ్ళీ రెండుకు పడింది. వైరు చివరి క్లిప్పు సగం విరిగి వేలాడుతోంది, లోపల పచ్చగా తుప్పు. అది చూశాక అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. సంక్రాంతి తర్వాత ఆఫీసు సెల్లారులో ఫోను చూసుకుంటూ కారును స్తంభానికి గుద్దింది అతనే. భార్య దివ్య తిడుతుందని, ఆ సాయంత్రమే మూసాపేటలో బంపరుకు రంగు వేయించి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. లోపల ఏం విరిగిందో చూడమని రంగువాడికి చెప్పనైనా చెప్పలేదు. అమ్మను ఆ వేడిలో కూర్చోబెట్టింది ఐలయ్య కాదు, తను.

యాప్‌లో రాసింది అక్కడే నిలబడి చెరిపేశాడు. చెరిపితే సరిపోదని అతనికి తెలుసు. అయినా మనసు ఊరుకోక ఒక దారి వెతికింది. కనెక్టరు లూజైంది, పొరపాటు జరిగిందని చెప్పి మళ్ళీ పనిలోకి రమ్మంటే చాలదా? స్తంభం సంగతి చెప్పాల్సిన అవసరం ఏముంది? దారి పొడుగునా ఆ మాటలే కూర్చుకుంటూ వెళ్ళాడు.

గేటు దగ్గరి డ్రైవర్లు చెప్పిన గుర్తులతో వెతికితే ఐలయ్య జీడిమెట్లలో ఒక గోదాము ముందు దొరికాడు. లారీలోంచి డ్రమ్ములు దించుతున్నాడు. సురేంద్రను చూడగానే చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మ మంచిగున్నదా సార్?" అన్నాడు ముందుగా.

"బాగుంది. ఐలయ్యా, కారులో కనెక్టరు లూజైంది. నీ తప్పేమీ లేదు. యాప్‌లో రాసింది తీసేశాను. మళ్ళీ రా. మాకే కాదు, ఎక్కడైనా డ్రైవింగు చేసుకోవచ్చు."

ఐలయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇగ బండి నడపను సార్. యాప్ గురించి కాదు. మీరు గంత చదువుకున్నోళ్ళు, ఏసీల పనే చేస్తరు, మీరే అన్నంక నాకే అనుమానమొచ్చింది. గేరు మార్చేటప్పుడు నా చెయ్యే ఏసీ బటనుకు తాకిందేమో, నాకే ఎరుక లేదేమో అనుకున్న. రాత్రి కండ్లు మూస్తే పెద్దమ్మ తల వాల్చినదే కనవడ్తది. మా ఇంటామె రుక్కమ్మ గూడ అన్నది, నువ్వే ఏదో చేసి ఉంటవు, లేకుంటే గంత పెద్ద సారు ఊకెనే ఎందుకంటడని."

దారిలో కూర్చుకున్న మాటలు ఇక సురేంద్రకు పనికిరాలేదు. తను మోయాల్సినదాన్ని ఈ మనిషి ఇన్నాళ్ళూ డ్రమ్ములతో పాటు మోస్తున్నాడు.

"కనెక్టరు దానంతట అది లూజవలేదు ఐలయ్యా. నేనే ఆఫీసు సెల్లారులో కారు గుద్దాను. దివ్యకు తెలియకూడదని దాచాను. అమ్మకు అలా అయింది నా వల్ల. నువ్వు చెప్పినప్పుడు వినలేదు, పైగా నింద నీ మీద వేశాను."

ఐలయ్య కోప్పడతాడేమోనని చూశాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు. ఐలయ్య జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, సురేంద్ర చేతిలో పెట్టాడు.

"మా రుక్కమ్మకు చెప్పుండ్రి సార్. నేను జెప్తె నమ్మది."

"ఎవలు?" అంది అవతలి గొంతు.

సురేంద్ర తన పేరు చెప్పాడు. మీ ఆయన చేసిన తప్పేమీ లేదమ్మా, కారు గుద్దింది నేను, దాచింది నేను, నింద వేసింది నేను అని చెప్పాడు. లారీ డ్రైవరూ హమాలీలూ పని ఆపి వింటున్నారు.

"ఫోను ఆయనకియ్యుండ్రి," అంది రుక్కమ్మ.

ఇచ్చాడు. ఐలయ్య ఫోను చెవికి ఆనించుకుని, అటు తిరిగి, లారీ చక్రం పక్కన కూలబడ్డాడు. "ఏడువకు," అని అతను మళ్ళీ మళ్ళీ అనడం వినబడింది. సురేంద్ర వెళ్ళిపోలేకా, దగ్గరికి పోలేకా ఆ ఎండలోనే నిలబడి ఉన్నాడు.