కార్బన్ తిరగబడితే

పెళ్లయి నలభై రోజులైంది. కొత్త కోడలికి ఆ ఇంట్లో ఇంకా ప్రతిదీ వింతే. ఆదివారం పొద్దున్నే భర్త కంప్యూటర్ పెట్టె పక్కరేకు ఊడదీయగానే కాఫీ కప్పుతో సహా నేలమీద చతికిలబడి లోపలికి తొంగిచూసింది. దుమ్ము, రంగురంగుల తీగలు, వాటి మధ్య అరచేతిని మించిన మందపాటి డిస్కు. ఆ డిస్కులోనే ఉన్నాయి ఆమె పంచప్రాణాలు. నాలుగు వానాకాలాలు మోకాలిలోతు నీళ్లలో నిలబడి రికార్డు చేసుకున్న కప్పల అరుపులు! పరిశోధన పత్రంతో పాటు వచ్చే నెల వాటిని కాలేజీలో ఇవ్వాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఇంకో కాపీ తీయనేలేదు.

గుర్తుగా ఉంటుందని గోళ్లరంగుతో ఆ డిస్కు మీద చిన్న కప్ప బొమ్మ వేసింది.

భర్త కొత్త డిస్కు చూపించాడు. "అచ్చం అలాంటిదే వెతికి తెచ్చా. రెండూ కవలలు. రెండింటినీ జతకడితే దాన్ని రెయిడ్ అంటారు. ఒకదాని మీద ఏం రాస్తే రెండోదాని మీదా అదే పడుతుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది."

"మరి కవలల్లో ఎవరు ఎవరో దానికెలా తెలుస్తుంది?"

"దానికి తెలుసులేవోయ్."

అత్తగారు చిక్కుడుకాయల పళ్లెంతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కోడలు చటుక్కున సర్దుకుంది. గదిలో "నువ్వు" అయిన భర్త అత్తగారి ముందు "మీరు" అయిపోతాడు.

"ఏం చేస్తున్నారర్రా?"

కొడుకు మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. అత్తగారు ముప్పై ఏళ్లు ఆఫీసులో టైపిస్టుగా చేసిన మనిషి. ఆవిడ చప్పరించేశారు.

"ఓస్, కార్బన్ కాపీయేగా! దానికింత హంగామానా?"

"అంత తేలిక కాదమ్మా."

"అదీ తేలిక కాదురా. చేరిన కొత్తలో పదకొండు పేజీల రిపోర్టు టకటకా కొట్టేశాను. తీసి చూస్తే కింది కాగితాలు తెల్లగా వెక్కిరిస్తున్నాయి. కార్బన్ కాగితం రంగువైపు పైకి తిరగేసి పెట్టానన్నమాట. అక్షరాలన్నీ పైకాగితం వీపు మీదే పడ్డాయి! ఆఫీసరు నన్ను ఏడిపించడానికి ఆ వెనకవైపే అద్దంలో చూసి చదివాడు."

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే తెర వైపు చూసింది. భర్త జతకట్టే పని చివరికొచ్చింది. మొదటి డిస్కు నుంచి రెండో డిస్కుకి కాపీ అవుతుందనీ, రెండోదాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుందనీ, సరేనా అనీ తెర అడుగుతోంది. అతని వేలు మీట మీదికి వెళుతోంది.

తిరగబడ్డ కార్బన్.

"ఆగు!"

అతని వేలు గాల్లోనే ఆగిపోయింది.

"మొదటిదంటే ఏది?"

"పాతదే. ముందునుంచీ ఉన్నది అదేగా."

"ఇందాక తీగ పొట్టిదైందని అటుదిటు మార్చారుగా మీరు?"

అతను పెట్టెలోకి వంగి తీగలు చూశాడు. తెరమీద ఒక్కో డిస్కు కింద ఒక్కో నంబరుంది. ఆమె టార్చి పట్టుకుని నేలమీద పడుకుని, కప్ప బొమ్మ పక్కన చీటీలో ఉన్న నంబరు చదివింది. "చివర ఏడు, నాలుగు, ఒకటి."

"ఏడు, నాలుగు, ఒకటి..." అతను తెరమీద వెతికాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. "రెండోది."

అత్తగారు చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టేశారు.

"అంటే నొక్కి ఉంటే, కొత్తదాంట్లో ఉన్న ఖాళీ అంతా నా కప్పల మీద కాపీ అయ్యేదా?" ఆమె టార్చి మళ్లీ కప్ప బొమ్మ మీదికి తిప్పింది. ఆ వెనకే కుతూహలం తన్నుకొచ్చింది. "ఖాళీని కూడా అంత శ్రద్ధగా కాపీ చేస్తుందా!"

"దాని సంగతి తర్వాత," అన్నారు అత్తగారు. "మేం ఎప్పుడూ మూడో కాపీ తీసి వేరే బీరువాలో పెట్టేవాళ్లం. ముందు అది కానివ్వండి. తర్వాత ఏం నొక్కుకుంటారో నొక్కుకోండి."

అతను సొరుగులోంచి చిన్న డిస్కు తీసి కప్పలన్నింటినీ దాంట్లోకి ఎక్కించాడు. అది అత్తగారి బీరువాలోకి వెళ్లింది. అప్పుడు తెరమీద ఒకటోదాన్నీ రెండోదాన్నీ తారుమారు చేసి, నంబర్లు ముగ్గురూ పైకి చదువుకుని మరీ మీట నొక్కారు. పొయ్యిమీద పాలు పెట్టినట్టు ఆమె పది నిమిషాలకోసారి వెళ్లి ఎంత శాతమైందో చూసొచ్చింది.

భోజనాలయ్యాక పని పూర్తయింది. ఆమె అంతటితో ఊరుకుంటేగా! కంప్యూటర్ ఆపించి, కప్ప బొమ్మ ఉన్న డిస్కుని తనే బయటికి లాగి, ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ వెలిగించారు. ఒక డిస్కు కనబడటంలేదని తెర ఎర్రక్షరాలతో గోలపెట్టింది. గోలపెట్టి, తెరుచుకుంది. ఆమె ఒక ఫైలు నొక్కింది.

బెకబెక, టర్ర్, బెకబెక! ఇల్లంతా వానాకాలం అయిపోయింది.

"విన్నారా? విన్నారా అండీ!" గెంతులేసింది కోడలు.

"విన్నాంలే," అన్నారు అత్తగారు. "పొద్దున 'ఆగు' అనడమూ విన్నాను."

కోడలు నాలిక్కరుచుకుంది.

"ఇకమీదట కూడా అలాగే అను తల్లీ. 'ఆగండి' అనేలోపు వీడు నొక్కేసేవాడు. ఏదీ, ఆ లావు గొంతు కప్పని ఇంకోసారి పెట్టు!"