కప్పేసిన బొమ్మ

ఆ ఉదయం గ్రసియెలా గారి హోటల్ వరండాలో అతిథులు ఫలహారం చేస్తున్నారు. ఎదురుగా పెద్ద రోడ్డు. రేవు నుంచి రాగి గనికి యాసిడ్ మోసే ట్యాంకర్లు రోజూ ఆ రోడ్డునే పోతాయి. ఒక బండి హోటల్ ఎదుట ఆగింది. దాని వెనక మూలమీద నిలబెట్టిన చదరపు పలక, పైన తెలుపు, కింద నలుపు. తెల్లటి భాగంలో ఒక బొమ్మ. గొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయి, ఒక చుక్క ఇనుప కడ్డీని తినేస్తోంది, ఇంకో చుక్క మనిషి చేతిని తినేస్తోంది.

"ఇదేమిటమ్మా, చెయ్యి కాలుతోందా?" అని అడిగాడు రాజధాని నుంచి వచ్చిన ఒక అతిథి. అడిగి, కాఫీ పూర్తిగా తాగి, ఇంకో రొట్టె కూడా తెప్పించుకుని తిన్నాడు. కాని గ్రసియెలా గారికి మాత్రం పరువు పోయినట్టయింది. తమ సాన్ లిబోరియో ఊరి ఉత్సవం దగ్గర పడుతోంది. బ్యాండు మేళాలు, నాట్య బృందాలు, వాటిని చూడటానికి చిలీ నలుమూలల నుంచి జనం వస్తారు. ఆమె ఆ మధ్యాహ్నమే మేయర్ బల్తసార్ రికెల్మె గారి దగ్గరికి వెళ్ళింది.

"పొద్దున్నే అతిథుల కళ్ళ ముందు కాలిపోతున్న చెయ్యా మేయర్ గారూ! గుడ్లు వడ్డించబోతే నాకే కడుపులో తిప్పుతోంది."

"బండ్లు అటు రాకుండా చేయమంటారా?"

"బండ్లెందుకండీ? బండ్లు తిరిగితేనే కదా ఊరు బతికేది. ఆ బొమ్మ తీయించండి చాలు."

పాఠకులారా, ఈ మాటను దయచేసి మరోసారి చదవండి. మనిషి మాంసాన్ని కరిగించే ద్రవం తన గుమ్మం ముందు నుంచి రోజూ పోతున్నందుకు ఆమెకు బాధ లేదు. అది మాంసాన్ని కరిగిస్తుందని బండిమీద చెప్పి ఉన్నందుకే బాధ. ఆమె ఒక్కతే అలాంటిదనుకోకండి. ఉత్సవ కమిటీలోని పెద్దలందరూ, అంటే బట్టల కొట్టాయన, మందుల షాపాయన, బడి ప్రిన్సిపాల్ గారు, తలలు ఊపి సరేనని చేతులెత్తారు. ఆ చేతుల్లో ఒక్కదానికి కూడా ఇంతవరకూ ఏమీ కాలేదు.

ట్యాంకర్ల యజమాని హెర్నాన్ ఒస్సందోన్‌కు కబురు వెళ్ళింది. అతను విని తెగ సంబరపడ్డాడు. పలక ఉన్న బండి ఎగువ పేటలోంచి పోకూడదు. అక్కడి గేటు కాపలావాడు పలక చూడగానే చెయ్యి అడ్డం పెట్టి చుట్టుదారికి మళ్ళిస్తాడు. పలక కనబడకపోతే పేటలోంచి అడ్డంగా కొట్టేయవచ్చు. డీజిల్ మిగులుతుంది, బండి మరో విడత తిరుగుతుంది. వారం తిరక్కుండా అతని ట్యాంకర్లన్నిటికీ నాలుగు వైపులా ఉన్న పలకలమీద గులాబీ రంగు ఫ్లెమింగో కొంగల బొమ్మలున్న గుడ్డలు వేలాడాయి. 'సాన్ లిబోరియోకు స్వాగతం' అని వాటిమీద పెద్ద అక్షరాలు. మేయర్ గారు ఆ గుడ్డల పక్కన నిలబడి ఫొటో కూడా దిగారు.

విల్సన్ లియెంద్రో అనే డ్రైవరు ఒక్కడే నోరు విప్పాడు.

"సార్, దారిలో ఏదైనా అయితే లోపల ఏముందో జనానికి ఎలా తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా?"

"నాకు తెలుసు సార్."

"నాకూ తెలుసు. ఇద్దరికి తెలిసింది చాలదా? ఊరందరికీ చెప్పి ఏం చేయిద్దామని, బండికి హారతి పట్టిద్దామనా? నోరు మూసుకుని తోలు."

విల్సన్ నోరు మూసుకున్నాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి. అతన్ని నేను మెచ్చుకోను. కాని ఆ ఊళ్ళో మెచ్చుకోదగ్గవాళ్ళ కోసం వెతికితే ఆ రోజుల్లో ఇతనికంటే ముందు ఎవరూ దొరకరు.

ఇప్పుడు ఎగువ పేట సంగతి. అక్కడ కొళాయిలు లేవు. మునిసిపాలిటీ నీళ్ళ బండి వచ్చినప్పుడే నీళ్ళు. ఆ నీళ్ళను ప్లాస్టిక్ పీపాల్లో దాచుకుని, తాగడానికి వేరుగా, వండడానికి వేరుగా, గిన్నెలు కడిగిన నీళ్ళు మళ్ళీ నేల తుడవడానికి వాడుకుంటారు. ఉత్సవం కోసం కూడలిలో పూలమొక్కలు నాటారు కాబట్టి నీళ్ళ బండి ఆ మొక్కలకు పోతోంది. పేటకు వచ్చి వారం దాటింది.

సబీనా యూఫ్లా ఆ పేటలోనే ఉంటుంది. గుమ్మడికాయ గుజ్జు కలిపి పిండి పిసికి, పూరీలు ఒత్తి, బస్టాండులో వేడివేడిగా వేయించి అమ్ముతుంది. ఆ పూరీల కోసం డ్రైవర్లు బండ్లు ఆపుకుంటారు. పిండి మెత్తదనం ఆమె చేతుల్లోనే ఉందని అంటారు. ఆమె పక్కింటి ఒలిండా తన పీపాలకు తాళాలు వేసుకునే మనిషి. నీళ్ళ దగ్గర ఈ ఇద్దరికీ ఎప్పుడూ తగాదాయే.

ఆ ఉదయం కూడా అదే జరిగింది.

"వదినా, ఒక్క చెంబెడు ఇవ్వు, పిండి కలపాలి. బండి రాగానే తిరిగి పోస్తాను."

"బండి వస్తే నేనే నీకు రెండు చెంబులు పోస్తాను పో. రాదుగా! నా పీపాల మీద కన్నేయకు సబీనా."

"నీ నీళ్ళు నువ్వే తాగు, కడుపు ఉబ్బేదాకా తాగు!"

ఇలా అంటూ సబీనా తన రేకు బకెట్ తీసుకుని వీధిలోకి వచ్చింది. అదే సమయానికి విల్సన్ ట్యాంకర్ పేటలోకి వచ్చింది. గేటు కాపలావాడు కొంగల బొమ్మకు సలాము కొట్టి పంపించాడు. మలుపు దగ్గర రోడ్డులోకి పొడుచుకొచ్చిన బండరాయి ట్యాంకు అడుగున ఉన్న గొట్టానికి తగిలింది. వాల్వు పగిలింది. వెనకనుంచి సన్నటి ధార మొదలైంది.

విల్సన్ అద్దంలో చూసి బండి ఆపాడు. చేతి తొడుగులు అందుకుంటూనే యజమానికి ఫోన్ చేశాడు.

"సార్, వాల్వు పోయింది, కారుతోంది. గుడ్డ పీకేసి జనాన్ని దూరం పంపిస్తున్నాను."

"గుడ్డ ముట్టుకున్నావో, రేపటినుంచి నీకు పని లేదు. పేటలోకి ఎందుకు పోనిచ్చావని అడిగితే ఎవడు చెప్తాడు సమాధానం? మెల్లిగా తోలుకుని ఊరు దాటించు."

"కారుతుంటే ఎలా తోలేది సార్!"

"చెప్పింది చెయ్యి!"

ఈ మాటలు నడుస్తుండగానే బండి వెనక ఎవరో కేక వేశారు. "నీళ్ళ బండొచ్చింది! కారిపోతోంది, రండి, రండి!"

ఆ కేకను తప్పు పట్టగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ట్యాంకరు అదే ఆకారం. ధారకు రంగు లేదు. బండిమీద కొంగలు నీళ్ళల్లో నిలబడి స్వాగతం పలుకుతున్నాయి. వారం రోజుల దాహంతో ఉన్న పేట బకెట్లతో పరుగెత్తింది. అందరికంటే ముందు సబీనా. ధార కింద బకెట్ పెట్టింది. అది నూనెలా చిక్కగా పడుతోంది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదోనని కుడిచెయ్యి ధారలోకి పెట్టింది. బకెట్ బుసకొట్టి నురగ కక్కింది. ఆ వెంటనే సబీనా పెట్టిన కేకకు వెనక వస్తున్నవాళ్ళ బకెట్లు చేతుల్లోంచి జారిపోయాయి.

విల్సన్ ఫోన్ పారేసి దూకాడు. "ముట్టుకోవద్దు! యాసిడ్ అది! దూరం పోండి!" అని అరుస్తూ, తొడుగులున్న చేతులతో ఆమెను ధారకు దూరంగా లాగి, తడిసిన చొక్కా చెయ్యి చింపేశాడు. "నీళ్ళు! నీళ్ళు పోయండి, ఆపకుండా పోయండి!"

"నీళ్ళెక్కడున్నాయయ్యా!" అని ఏడ్చింది ఒకామె.

ఒలిండా ఇంట్లోకి పరుగెత్తి తాళాలు తీసి, పీపాను పక్కకు పడేసి దొర్లించుకుంటూ వచ్చింది. చెంబుతో కాదు, పీపానే ఎత్తి సబీనా చేతిమీద ధారగా వంచింది. అది అయిపోగానే రెండోది. ఆమెను చూసి పేటలోని ప్రతి ఇంటి నుంచీ పీపాలు వచ్చాయి. పసిపిల్లల పాలలో కలపడానికి దాచినవి, మంచం పట్టిన ముసలాళ్ళ గొంతు తడపడానికి దాచినవి, అన్నీ. సబీనా పళ్ళు బిగించి కూర్చుంది.

"వదినా, నీ నీళ్ళన్నీ అయిపోతున్నాయే..."

"నోరుమూసుకో. చెయ్యి ఇటు పెట్టు."

అంబులెన్సు వచ్చేసరికి ఎగువ పేటలో ఒక్క చుక్క నీళ్ళు మిగల్లేదు. అప్పుడు విల్సన్ వెళ్ళి ఆ కొంగల గుడ్డను రెండు చేతులా పట్టుకుని పీకేశాడు. కింద పలక బయటపడింది. ఒలిండా ఆ బొమ్మను చూసింది.

మునిసిపాలిటీ లౌడ్‌స్పీకర్ ఆ సాయంత్రం ఏమందో తెలుసా? 'పారిశ్రామిక ద్రవం స్వల్పంగా ఒలికింది, ఉత్సవ కార్యక్రమాలు యథాతథంగా జరుగుతాయి' అంది. మేళాలు యథాతథంగా మోగాయి. గ్రసియెలా గారి హోటల్లో గదులన్నీ నిండాయి. మందుల షాపాయన ఆస్పత్రికి దూది పంపి, ఆ సంగతి తానే నలుగురికీ చెప్పుకున్నాడు. ఇక ఒస్సందోన్, నగరంలోని ఆస్పత్రికి పూలగుత్తితో వచ్చి, మంచం పక్కన నిలబడి అన్న మాట ఇది:

"చూడమ్మా, జరిగిందేదో జరిగింది. కాని ఒకరి బండిలోంచి కారేది పట్టుకోవడం కూడా దొంగతనమేగా? నేను కేసు పెట్టడం లేదు. నువ్వూ పెట్టకు."

సబీనా అతని ముఖం వంక చూసింది. "పూలు తీసుకుపోండి బాబూ. మీ పూలమొక్కలకేగా మా నీళ్ళు పోశారు," అంది.

ఆమె కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. మోచేతిదాకా చర్మం తోలు సంచిలా బిగుసుకుపోయింది. పిండి పిసకడం ఇక కుదరని పని. ఇప్పుడు ఒలిండా పిసుకుతుంది, సబీనా పక్కన కూర్చుని ఎడమచేత్తో వేయిస్తుంది. పిండి గట్టిపడిందని రోజూ తిడుతుంది, ఒలిండా రోజూ ఎదురు తిడుతుంది.

విల్సన్ మాత్రం ఈసారి నోరు విప్పాడు. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి, ఎవరు ఏ మాట అన్నారో, గుడ్డలు ఎవరు కుట్టించారో అంతా చెప్పేశాడు. ఉద్యోగం పోయింది. ఒస్సందోన్‌కు జరిమానా పడింది. అతను కంపెనీ పేరు మార్చుకుని మళ్ళీ అవే బండ్లు తిప్పుతున్నాడు. కాని పలకలు బండ్లకు నాలుగు వైపులా తిరిగి వచ్చాయి, బండ్లు చుట్టుదారి పట్టాయి.

అప్పుడు మన మేయర్ గారికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పలకలు తిరిగి రావడం తన చలవేనని చాటుకోవడానికి కూడలిలో 'భద్రతా దినం' పెట్టారు. వేదిక కట్టారు, బ్యాండు పిలిపించారు. గ్రసియెలా గారు ఉచితంగా జ్యూస్ పోయించారు. ఆ పలకనే పెద్దదిగా రాయించి రంగు దీపాలు చుట్టారు. నిన్నటిదాకా కడుపులో తిప్పిన బొమ్మ పక్కన నిలబడి పెద్దలందరూ ఇప్పుడు చిరునవ్వుతో ఫొటోలు దిగారు. సబీనాను పైకి పిలిచి, భుజాలమీద శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. కృతజ్ఞతలు చెబుతుందని వాళ్ళ ఆశ.

సబీనా మైకును ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి శాలువాలోంచి బయటికి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తింది.

"నాకు చదువు రాదు," అంది. "పేపరు ఇచ్చినా, కాగితం ఇచ్చినా నాకు అక్షరం తెలీదు. ఆస్పత్రిలో నర్సమ్మని అడిగాను, ఆ బొమ్మ ఎందుకమ్మా అని. ఏ దేశంలో చూసినా అదే బొమ్మంట. దానికి భాష లేదంట. చదువు రానివాళ్ళకి కూడా చూడగానే తెలియాలని అట్లా గీశారంట. అంటే అది నాకోసం గీసిన బొమ్మ."

మేయర్ గారు మైకు కోసం మెల్లిగా చెయ్యి చాపారు. ఆమె ఇవ్వలేదు.

"ఈ ఊళ్ళో ఎన్నో రాతలున్నాయి, మీరంతా చదువుకుంటారు. నేను చదవగలిగింది ఈ ఒక్కటే. చదువొచ్చిన మీరందరూ కూచుని, చేతులెత్తి, ఆ ఒక్కదాన్నీ నా కంటపడకుండా కప్పేశారు. నేను దొంగతనం చేశానంట! దొంగిలించింది మీరు. నాకు చెప్పాల్సిన మాటని దొంగిలించారు."

ఆమె శాలువా తీసి మడిచి కుర్చీమీద పెట్టింది.

"ఈ దీపాలు తీసేయండి, ఇది అలంకారం కాదు. లోపల ఏముందో బండిమీద ఉన్నదున్నట్టు చెప్పండి. మీ కళ్ళకి బాగుండలేదని ఇంకెప్పుడూ దాన్ని కప్పకండి, ఎందుకంటే మీరు కప్పింది బొమ్మనే, ఆ బండిలో ఉన్నది మా చేతులమీదే పడింది."