జ్వరం లేని బావ

రోగి వెంట ఒక్కరే లోపలికి పోవాలి, ఆ ఒక్కరికీ జ్వరం ఉండకూడదు. ఆసుపత్రి గేటు దగ్గర ఈ మాట చెప్పి చెప్పి కాపలావాడి నాలుక అరిగిపోయింది. ఆ ఉదయం మోటారుసైకిలు దిగిన మనిషి తన చెల్లెలేనని అతను వెంటనే పోల్చుకోలేకపోయాడు. ముఖంలో సగం మాస్కు కింద ఉంది, మిగతా సగం వాచి ఉంది. ఎడమ చేతిని కుడిచేత్తో చంటిపిల్లను పట్టినట్టు పట్టుకుంది.

"మెట్ల మీద జారింది బావగారూ," అన్నాడు ఆమె మొగుడు, ఎవరూ అడక్కముందే. "ఇంట్లో కూర్చుని కూర్చుని నడవడం మర్చిపోయింది మీ చెల్లెలు."

కాపలావాడు నవ్వలేదు.

రోడ్లు మూసేసిన కొత్తలో చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, కొన్నాళ్ళు నీ దగ్గరికొచ్చి ఉంటాను," అంది. ఎందుకని అతను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. పొద్దస్తమానం రోగుల మధ్య నిలబడేవాడు, ఆమెకు రోగం అంటిస్తానేమోనన్న బెంగా నిజమే. కానీ ఆ బెంగ సాకుగా కూడా పనికొచ్చింది. "నా దగ్గరకంటే అక్కడే భద్రం తల్లీ. గడప దాటకు," అన్నాడు. "సరేలే, నువ్వు జాగ్రత్త," అని ఆమె ఫోను పెట్టేసింది. ఆ 'సరేలే' అప్పట్నించీ అతనికి అన్నం సయించనివ్వలేదు.

ఇప్పుడు జ్వరం చూసే తుపాకి బావ నుదుటికి పెట్టాడు. అంకె కనబడకుండా అరచేయి అడ్డం పెట్టాడు.

"జ్వరం ఉంది బావా. లోపలికి పోకూడదు."

"నాకా? గుండ్రాయిలా ఉంటే!"

"ఎండలో బండి నడిపావుగా. నీడన కూర్చో, మళ్ళీ చూద్దాం."

"సొంతవాణ్ణి, నన్నే ఆపుతావా?"

"సొంతవాళ్ళని వదిలితే నా ఉద్యోగం ఊడుతుంది."

ఆ గేటు దగ్గర అతను అబద్ధమాడటం అదే మొదలు. తోటి కాపలావాడికి గేటు అప్పజెప్పి, చెల్లెల్ని లోపలికి నడిపించాడు. వరండాలో నెమ్మదిగా అడిగాడు.

"ఎలా విరిగిందమ్మా?"

"చెప్పాడుగా, మెట్లు."

"నా దగ్గర కూడానా?"

ఆమె ఆగింది. "నీకు చెబితే ఏం చేస్తావు? అక్కడే భద్రం అంటావు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. తప్పు నాదే అనబోయాడు.

ఎక్స్‌రే గది ముందు నర్సు అడిగింది, "చేతికేమైందమ్మా?"

చెల్లెలు గుమ్మం వైపు చూసింది.

"వాడు రాడు," అన్నాడు అన్న. "నేను రానివ్వను."

"ఇక్కడికి రాడు. ఇంటికి పోయాక?"

"ఆ ఇంటికి పోవద్దు. నా గదిలో ఉండు. రోగం భయమైతే నేను బయట పడుకుంటాను."

"ఈ మాట అప్పుడనాల్సింది అన్నయ్యా," అంది. కోపంగా కాదు, అలసటగా. నర్సు వైపు తిరిగింది. "నేను పడలేదు. ఆయనే విరిచాడు."

నర్సు కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టింది. "అన్నగారూ, మీరు కాస్త అవతలికి వెళ్ళండి."

"ఉండనీండి," అంది చెల్లెలు. "వినాలి."

అతను గోడకు ఆనుకుని, తల వంచుకుని విన్నాడు. చాలావరకు అతను ఊహించినదే.