సందులోకి వచ్చిన చర్చి

సోమవారం పొద్దున్నే పానక్క చేసే మొదటి పని, చర్చి ఎక్కడిదాకా జరిగిందో చూసి దాని నీళ్ళ గొట్టం అతకడం. ఆమెకి అసలు పేరు కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది కానీ, చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి ఊరంతటికీ పానక్కే. భర్త పోయిన ఏడాది ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పైపుల పనిలోకి దిగింది. "ఆడమనిషివి, గోతిలోకి దిగుతావా?" అని ముక్కున వేలేసుకున్న ఇళ్ళల్లోనే ఇప్పుడు ఆమె రాకపోతే స్నానాలుండవు.

చర్చి జరగడం కొత్తేమీ కాదు. సంఘం డబ్బు ఎక్కడుంటే అది అటు పోతుంది, రోజుకి నాలుగైదు అడుగులు, నింపాదిగా. బడి కట్టుకోవడానికి అప్పిచ్చినప్పుడు రెండేళ్ళు బడి పక్కన నిలబడింది. పిల్లలు గోడకేసి బంతి కొట్టి కొట్టి సున్నమంతా రాల్చారు. బ్యాంకులో వేసినప్పుడు బ్యాంకు వెనక, జనరేటరు పక్కన నాలుగేళ్ళుంది. ఆ రోజుల్లో పాటలు నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ గొంతు చించుకునే పాడతారు. సన్నటి సందు వస్తే ఊపిరి బిగబట్టి గోడలు దగ్గరకి లాక్కుని దూరుతుంది. కరెంటాయన తీగలు ఎత్తి పట్టుకుంటాడు, ట్రాఫిక్ పోలీసు దారికి అడ్డంగా ఓ బల్ల పెడతాడు, పానక్క గొట్టం అతుకుతుంది. ఆదివారం జనం "ఇవాళ ఎక్కడుందిట?" అని పక్కింట్లో అడిగి చెప్పులేసుకుంటారు.

ఆ సోమవారం పానక్క బుర్ర మాత్రం పనిమీద లేదు. తనూ, తల్లీ ఉండేది పదకొండు గదుల వరసలో చివరి గది. పాత యజమాని ఆ వరస మొత్తాన్ని ఏదో ఇళ్ళ కంపెనీకి అమ్ముకుని చక్కా పోయాడు. పడగొట్టి ఎనిమిదంతస్తులు లేపుతారట. నలభై రోజుల్లో ఖాళీ చెయ్యాలని కంపెనీవాళ్ళు ప్రతి తలుపుకీ కాగితం అంటించారు. తల్లికి మోకాళ్ళు పనిచేయవు. ఆరేళ్ళుగా ఆమె ప్రపంచమంతా మంచం నుంచి గుమ్మం, గుమ్మం నుంచి మంచం. ఈ అద్దెకి ఊరవతల మూడో అంతస్తులో తప్ప గది దొరకడం లేదు. అక్కడికి ఎత్తుకుని తీసుకెళ్ళాక ఆ ముసలామె మళ్ళీ కిందికి దిగేది శవంగానే. వారంగా తిరిగి తిరిగి, కనిపించిన ప్రతి ఇంటాయనతోనూ పోట్లాడి వస్తోంది పానక్క.

"అక్కా, మన అదృష్టం చూశావా!" మూడో గది దర్జీ ముఖమంతా నవ్వు చేసుకుని వచ్చాడు. "చర్చి మన సందు మొగలోకి వచ్చేసింది. ఇంకో పది రోజుల్లో మన వాకిట్లోనే ఉంటుంది. ప్రభువు మన గోడు విన్నాడక్కా!"

వరసలో ఆడవాళ్ళు అప్పుడే సందంతా ఊడ్చేస్తున్నారు. పానక్క గోతిలో మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం బిగిస్తోంది. తలెత్తి చర్చి ముఖం ఎటుందో చూసింది. తిన్నగా తమ వరస వైపే ఉంది. చేతిలో పానా ఆగిపోయింది.

"గోడు విని కాదురా. డబ్బుండి వస్తోంది."

"మన దగ్గర డబ్బెక్కడిదక్కా?"

"అదే కనుక్కొస్తా," అని ఒంటి మట్టి దులుపుకోకుండానే లేచింది.

సంఘానికి కోశాధికారి ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు. ఉద్యోగం వదిలి పదేళ్ళయినా అందరికీ మేనేజరుగారే. విధవరాళ్ళ నిధి ఆయన చేతుల్లో ఉంటుంది. ఆయన దొంగ కాదు. ఒక్క పైసా తినలేదు, తిననివ్వలేదు. దొంగే అయితే పానక్కకి ఇంత ఒళ్ళు మండేది కాదు, చడామడా తిట్టేసి పోలీసులకి చెప్పేది.

"మేనేజరుగారూ, విధవరాళ్ళ నిధి ఎక్కడ పెట్టారు?"

ఆయన చర్చి ఆఫీసు గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. "ముందు కూర్చోమ్మా. మట్టి... ఫర్వాలేదులే, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు."

"ఇళ్ళ కంపెనీలో వాటాలు కొన్నాం. నూటికి పద్నాలుగు లాభం. బ్యాంకులో ఉన్నప్పుడు ఆరు కూడా వచ్చేది కాదు. ఊరికే పెట్టామా? కమిటీ అంతా మోకరించి ప్రార్థన చేసి పెట్టాం. సారా వద్దనుకున్నాం, జూదం వద్దనుకున్నాం, సిగరెట్లు వద్దనుకున్నాం. ఇళ్ళు! మనుషులకి నీడనిచ్చే పని. దేవుడిచ్చిన సొమ్ముకి మనం గృహనిర్వాహకులం. యజమాని ఇచ్చిన తలాంతు డబ్బుని గోతిలో పాతిపెట్టిన బైబిలు దాసుడిలా కూర్చోమంటావా?"

"గోతి సంగతి నాకు చెప్పకండి, ఇప్పుడే అందులోంచి వస్తున్నాను. ఆ ఇళ్ళు ఎవరి ఇళ్ళ మీద లేపుతున్నారో అడిగారా?"

"అవన్నీ కంపెనీ చూసుకుంటుందమ్మా. మనకేం తెలుస్తుంది?"

"చర్చికి తెలిసింది కదా! కిటికీ తీసి చూడండి ఎటు పోతోందో."

మేనేజరుగారు కిటికీలోంచి చూశాడు. పదకొండు తలుపులు, పదకొండు కాగితాలు. ఆయన ముఖం పాలిపోయింది. అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

"ఆ లాభంలోంచే కదమ్మా," అన్నాడు మెల్లగా, "మీ అమ్మగారికి నెలనెలా సరుకుల సంచీ వస్తోంది."

"అంటే మా అమ్మ నెత్తిమీది కప్పు లాగేసి, దాంతో మా అమ్మకే సంచీ పంపిస్తున్నారన్నమాట! పైగా ముట్టినట్టు సంతకం కూడా పెట్టించుకుంటున్నారు!" పానక్క పానా ఎత్తి బల్లమీద ఒక్కటి వేసింది. బల్లమీది గాజుపలక ఈ చివర నుంచి ఆ చివరకి చిట్లింది. "దాని ఖరీదు నా కూలీలో కోసుకోండి," అని వెళ్ళిపోయింది.

పదో రోజుకి చర్చి వచ్చి వరస ముందు నిలబడింది. దాని గుమ్మానికీ, తల్లి గుమ్మానికీ మధ్య సరిగ్గా ఎనిమిది అడుగులు. నలభై రోజుల గడువు తీరగానే గోడలు పడగొట్టే మిషను వచ్చింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు, దూరే సందు లేదు. మిషను నడిపేవాడు కాసేపు బీడీ కాల్చుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు కంపెనీ ఆఫీసరు ఇస్త్రీ చొక్కాలో వచ్చి మేనేజరుగారికి ఎంతో మర్యాదగా ఒక ఉత్తరం ఇచ్చాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మేనేజరుగారు దాన్ని సంఘానికి చదివి వినిపించాడు. మీ వాటాలు మేమే కొనుక్కుంటాం, లాభంతో సహా రేపే ఇచ్చేస్తాం, మీ చర్చి దాని దారిన అది పోతుంది, మా పని మేం చేసుకుంటాం. ఇదీ అందులో ఉన్నది.

పాస్టరుగారు కుర్రాయన, గొడవలంటే గుండె దడ. ఆయన ముఖం వెలిగిపోయింది. "తెలియక చేసిన తప్పుని దిద్దుకోవడానికి ప్రభువే దారి చూపించాడు. తీసేద్దాం. ఇలాంటి కంపెనీల జోలికి మళ్ళీ పోవద్దు. దేవుడి సొమ్ము ముట్టుకునే చేతులు శుభ్రంగా ఉండాలి. సరేనన్నవాళ్ళు చెయ్యెత్తండి."

"స్తోత్రం!" అంటూ చేతులు లేచాయి.

"దించండి!" వెనక బల్ల దగ్గర్నుంచి పానక్క అరిచింది. దడుచుకుని సగంమంది దించేశారు కూడా.

"శుభ్రమా? నా చేతులు చూడండి. పైపు పగిలినచోట నా చేతులు కడుక్కుని నేను పోతే నీళ్ళు ఆగుతాయా? మీరు డబ్బు తీస్తారు. చర్చి వెళ్ళిపోతుంది. అది సందు దాటగానే మిషను లోపలికి వస్తుంది. మీరు ఏ పార్కు పక్కనో నిలబడి చల్లగా పాటలు పాడుకుంటారు. మీ పాపం పోతుంది, మా ఇళ్ళూ పోతాయి. పెట్టేటప్పుడు మమ్మల్ని అడగలేదు. తీసేటప్పుడైనా అడగాలని తోచలేదా?"

"తప్పయిందని ఒప్పుకుంటున్నాం కదమ్మా," అన్నాడు మేనేజరుగారు. "ఇంకేం చెయ్యమంటావు?"

"కదలకండి! వాటాదారులు కారా మీరు, నోరు లేదా? ఆ వాటాలు వాళ్ళకే ఇచ్చేసి, బదులుగా ఈ వరస మీ పేర రాయించుకోండి."

"నిధి మొత్తం పదకొండు పాత గదుల్లో ఇరుక్కుపోతుంది. లాభం మాట దేవుడెరుగు. మరి విధవరాళ్ళకి సంచీలు?"

అప్పుడు గుమ్మం దగ్గర చప్పుడైంది. పానక్క తల్లి నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి మోకాలి మీద. ఎనిమిది అడుగులు వేయడానికి పావుగంట పట్టింది, ఎవరూ తోడు లేరు. ఆరేళ్ళ తర్వాత చర్చిలో అడుగుపెట్టిన మనిషి తిన్నగా నడిచి, కమిటీ పెద్దలు కూర్చునే ముందు బల్లమీద కూర్చుంది.

"సంచీల గురించా నాయనా?" అంది మేనేజరుగారితో. ఎన్నడూ ఆయన్ని మీరు తప్ప అనని మనిషి. "ఆరేళ్ళు తిన్నాను నీ సంచీ. ఆరేళ్ళూ లేవగానే నీ పేరు చెప్పి ప్రార్థన చేశాను. నీ పిల్లల పేర్లు కూడా చెప్పాను. ఇవాళ పొద్దున్న చెప్పలేదు. సంచీ పుచ్చుకునే ముసలిదాన్ని చూశావు కానీ, ఆ ముసలిది ఎక్కడ పడుకుంటోందో ఒక్కసారైనా చూశావా? నా కూతురు సంపాదిస్తుంది, నేను తింటాను. సంచీ వద్దు, నా గది నాకుండనీ."

ఆమె చీర చెంగు సర్దుకుని బల్లమీద ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంది.

"డబ్బు తీస్తానంటావా, తియ్యి. నేను ఇక్కణ్ణుంచి లేవను. చర్చి ఎటు పోతే అటే నేనూనూ. నా మంచం కూడా తెచ్చి ఇక్కడే వెయ్యమంటాను."

ఆ మాట బయటికి వినపడినట్టుంది, దర్జీ అప్పటికే కుట్టుమిషను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేశాడు. అతని వెనక మిగతా గదులవాళ్ళు బిందెలతో, పరుపులతో నిలబడ్డారు.

మేనేజరుగారు కంపెనీ ఉత్తరం వెనక్కి తిప్పి, కలం తీసి రాశాడు. మేం కదలం, వాటాల కింద ఈ వరస మాకు రాసివ్వండి. కమిటీలో ఒక్కొక్కరే సంతకం పెట్టారు. ఇద్దరైతే పానక్కని కొరకొరా చూస్తూనే పెట్టారు. వాళ్ళ ప్రేమ ఆమెకి అక్కర్లేదు, సంతకం చాలు. చర్చి అడ్డంగా నిలబడ్డ స్థలాన్ని ఏం చేసుకోవాలో తోచక, మూడు వారాలు బెట్టు చేసి నాలుగో వారంలో కంపెనీ రాసిచ్చేసింది. తలుపుల మీద కాగితాలు తడిపి గీకింది పానక్కే, తిట్టుకుంటూ.

అదంతా తర్వాత. ఆ ఆదివారం సంతకాలయ్యాక తల్లి బల్ల పట్టుకుని లేచింది. మేనేజరుగారు గబగబా దిగి వచ్చి చెయ్యి అందించాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పదండమ్మా, ఇంటిదాకా దింపి వస్తాను."

ఆమె ఆ చేతిని చూసింది, ఆయన ముఖాన్నీ చూసింది.

"ఇంత చర్చి ఇక్కడిదాకా నడిచొచ్చింది," అంది. "ఎనిమిది అడుగులు నేను పోలేనా? తప్పుకో."