మరిగే నీళ్లు అబద్ధమాడవు

ఆమె షాపు బోర్డు మీద పేరు లేదు. "మీటర్ల షాపు" అని పైన, "మేస్త్రి కూతురు" అని కింద, అంతే. కొండ కింద ఉన్న పెద్ద ఊళ్లో పాత కారున్న ప్రతివాడికీ మేస్త్రి అంటే ఎవరో తెలుసు. ఆయన కూతురన్నాక ఇక వేరే పేరెందుకు? పొగరంటారా, పొగరే. పనొచ్చినవాళ్లకి ఆమాత్రం ఉండకపోతే పనికి మర్యాదేముంది?

పాత కారులో ఇంజిను వేడి చెప్పడానికి ఇద్దరు కావాలి. ఇంజిన్లో నీళ్లలో మూతి ముంచి కూర్చునే సెన్సారు ఒకటి. డ్రైవరు ఎదురుగా ముల్లు ఊపుతూ ఉండే మీటరు ఒకటి. సెన్సారు చెబుతుంది, మీటరు చూపిస్తుంది. ఇరవై, ముప్పై ఏళ్ల బండికి అసలు సెన్సారు పోతే మళ్లీ అలాంటిది దొరకదు. చాలామంది మెకానిక్కులు చేతికి దొరికినదాన్ని బిగించేస్తారు. మర సరిపోతుంది, చక్కగా బిగుసుకుంటుంది, పనైపోయిందని చేతులు తుడుచుకుంటారు. తీరా చూస్తే ఒకరి మాట ఒకరికి అర్థం కాని సంసారం అది. ఇంజిను చల్లగా ఉన్నా ముల్లు ఎర్రగీత మీద గంతులేస్తుంది. లేదంటే ఇంజిను కుతకుతలాడుతున్నా ముల్లు మూలన పడుకుని నిద్రపోతుంది.

"మర కుదిరితే చాలదు, మాట కుదరాలి" అనేవాడు మేస్త్రి. కుదిర్చే పద్ధతి కూడా ఆయనదే. ఒక చెక్కపలక మీద మీటరు, బ్యాటరీ. సెన్సారును తీగకు వేలాడదీసి, దాని మూతి పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో ముంచాలి. ముల్లు సరిగ్గా వంద గీత మీద నిలబడేదాకా మీటరు వెనక చిన్న చిన్న రెసిస్టర్లు మార్చి మార్చి అతకాలి. థర్మామీటరు ఉంచుకోమని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండేది. "గాజు గొట్టం చెడొచ్చు. మరిగే నీళ్లు అబద్ధమాడవు. నీళ్లు మరిగాయంటే వంద. వందంటే వందే."

ఆమె ఆ పలక పక్కనే పెరిగింది. పన్నెండేళ్లు తండ్రి దగ్గర పనిచేసింది. భర్త బడిలో భాషా పంతులు. ఎనిమిది నెలల కిందట ఆయనకు కొండ మీద ఊరికి బదిలీ అయితే, ఆమె తన పలకా, గిన్నే, సెన్సార్ల డబ్బా సర్దుకుని పైకొచ్చి సొంత షాపు పెట్టింది. ఈ ఎనిమిది నెలల్లో ఇరవై మూడు కార్లకు మాట కుదిర్చింది. ఒక్కోదాన్నీ మూడుసార్లు మరిగించి చూశాకే పంపింది.

ఆ రోజు పొద్దున ఇరవై మూడో కారు తిరిగొచ్చింది. దాన్ని నడిపేవాణ్ని అందరూ నిదానం అంటారు. కొండ పైకీ కిందికీ మనుషుల్ని తిప్పే అతని కారు ఎంత పాతదో, అతని నడక అంత మెల్లన. అతనితో పాటు ముందు సీట్లోంచి మేస్త్రి దిగాడు. చేతిలో తువ్వాలులో చుట్టిన మీటరు, సెన్సారు.

"నాన్నా! చెప్పకుండా వచ్చావేం?" అంది ఆమె సంతోషంగా.

మేస్త్రి నవ్వలేదు. తువ్వాలు విప్పి మీటరును బల్ల మీద పెట్టాడు.

"అక్కా, తప్పుగా అనుకోకు" అన్నాడు నిదానం. "నువ్వు బిగించినప్పట్నుంచీ ముల్లు ఎర్రగీత దగ్గరే తిరుగుతోంది. ప్రతి మూడో మలుపులో ఆపి బానెట్ తీసి చూస్తున్నా. చేత్తో పట్టుకుంటే అంత వేడిగా ఏం లేదు. ఎక్కినవాళ్లేమో దిగి వేరే బండి చూసుకుంటున్నారు. అందుకే కిందికెళ్లినప్పుడు మేస్త్రిగారికి చూపించా."

"నా గిన్నెలో మరిగించి చూశాను" అన్నాడు మేస్త్రి. "వంద దాటి ఏడు గీతలు పైకెళ్లింది. ఏడు! ఇదా నేను నేర్పింది?"

"నేను మూడుసార్లు చూశాను నాన్నా. సరిగ్గా వంద."

"అంటే నా నీళ్లు అబద్ధమాడాయా?"

"నావి ఆడాయా మరి?"

తండ్రీకూతుళ్లిద్దరిదీ ఒకటే తీరు, పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆమె మీటరును పలక మీదికెక్కించి, సెన్సారును గిన్నెలో ముంచి పొయ్యి వెలిగించింది. నీళ్లు మరిగాయి. ముల్లు మెల్లగా లేచి, వంద గీత మీద గీసినట్టు నిలబడింది. నిదానం గుడ్లప్పగించి చూశాడు. మేస్త్రి వంగి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు, వైర్లు లాగి చూశాడు.

"నీ గిన్నెలో ఏదో ఉంది" అన్నాడు చివరికి.

"నీళ్లున్నాయి. తాగి చూస్తావా?"

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. "నిన్న నా షాపు ముందు పదిమంది నిలబడి విన్నారు, మేస్త్రి కూతురి మీటరు ఏడు గీతలు తప్పని. నాకు తల కొట్టేసినట్టయింది. ఏం జరిగిందో నాకు తెలీదు. తేలేదాకా ఆ బోర్డు మీద 'మేస్త్రి కూతురు' అన్న ముక్క తీసెయ్."

తండ్రి తిడితే ఆమె పడేది, కొట్టినా పడేదేమో. ఆ రెండు మాటలు తీసెయ్యమంటే, పన్నెండేళ్లు తీసెయ్యమన్నట్టే అనిపించింది. "తీసేస్తా" అంది. "తప్పు నాదని తేలితే నా చేత్తో నేనే చెరిపేస్తా. తేలాకే."

మధ్యాహ్నం పంతులు బడి నుంచి వచ్చి వడ్డించాడు. ఆ ఇంట్లో వంట ఆయనదే. మేస్త్రి కంచంలో శనగలు నమలలేక పక్కకు నెట్టాడు.

"క్షమించాలి మామయ్యగారూ" అన్నాడు పంతులు నొచ్చుకుంటూ. "పొద్దున్నే పొయ్యి మీద పెట్టి బడికెళ్లాను, పక్కింటావిడ చూస్తూనే ఉంది, మూడు గంటలు మరిగాయి. కింద ఇవే శనగలు గంటన్నరకు వెన్నలా అయ్యేవి. ఈ ఊరి నీళ్లకు మరగడానికి తొందరెక్కువ, ఉడికించడానికి బద్ధకమెక్కువ."

నిదానం నవ్వాడు. ఆమె నవ్వలేదు. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మరగడానికి తొందర. ఇక్కడికొచ్చినప్పట్నుంచీ గిన్నె తొందరగా మరుగుతోందని ఆమె కూడా గమనించింది. కొత్త పొయ్యి మంచిదనుకుంది. వేడెక్కాల్సినంత వేడెక్కకుండానే మరుగుతోంటే?

"ఏమండీ, మీ బడిలో థర్మామీటరుందా?"

పంతులు సైన్సు గదిలోంచి పొడుగాటి గాజు గొట్టం తెచ్చాడు. కుతకుతా మరుగుతున్న నీళ్లలో ముంచితే అది తొంభై మూడు దగ్గర ఆగింది. ఎంతసేపు చూసినా కదల్లేదు.

"చెప్పానా?" అన్నాడు మేస్త్రి. "గొట్టం చెడింది."

ఆమెకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఈ మనిషి గొట్టాన్ని నమ్మడు, పుస్తకం తెచ్చినా నమ్మడు. నమ్మేది ఒక్క మరిగే నీళ్లనే. ముల్లును ముల్లుతోనే తియ్యాలి.

"లే నాన్నా. కొండ దిగుదాం. దారంతా మరిగిద్దాం."

నిదానం కారు వెనకసీట్లో పలక, ఆమె ఒడిలో గిన్నె, గాజు గొట్టం, మేస్త్రి కాళ్ల మధ్య చిన్న గ్యాస్ పొయ్యి. మొదట ఊరు దాటగానే రాతి పిట్టగోడ పక్కన ఆగారు. నీళ్లు మరిగాయి, ముల్లు వంద మీదే ఉంది. పదిహేను మలుపులు దిగాక, పాలవ్యాన్లు ఆగే చోట రెండోసారి ఆపించింది. గాలికి పొయ్యి ఆరిపోతుంటే మేస్త్రి తన తువ్వాలు అడ్డం పట్టాడు. నీళ్లు తెర్లాయి. ముల్లు వంద దాటి రెండు గీతలు పైన నిలబడింది.

మేస్త్రి గొట్టం వైపు ఓరగా చూశాడు. అది తొంభై అయిదు చూపిస్తోంది.

మూడోసారి వంతెన దగ్గర. అవే నీళ్లు, అదే గిన్నె, అదే సెన్సారు. ముల్లు నాలుగు గీతలు పైకి, గొట్టం తొంభై ఏడుకి. వ్యాన్ల డ్రైవర్లిద్దరు ఆగి, ఈ నడిరోడ్డు మీద టీ అమ్ముతున్నారా అని అడిగారు. "టీ కాదు బాబూ, నిజం కాస్తున్నాం, ఇంకా మరగలేదు" అన్నాడు నిదానం.

మేస్త్రి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. "మరిగాయి కదే" అన్నాడు మెల్లగా. "పైనా మరిగాయి, ఇక్కడా మరిగాయి. మరి ఒక్కో చోట ఒక్కో మాటేంటి? ఏ ఎండకా గొడుగు పట్టేది మనుషులే అనుకున్నా, నీళ్లు కూడానా?"

"అబద్ధమాడట్లేదు నాన్నా. కొండెక్కేకొద్దీ గాలి పలచన. నీళ్ల నెత్తిన బరువు తగ్గుతుంది, తొందరగా లేచిపోతాయి. నా ఊళ్లో తొంభై మూడుకే మరుగుతాయి. నేను దాన్ని వంద అనుకుని ముల్లు నిలబెట్టాను. ఏడు గీతలు. నువ్వు చెప్పిన ఏడే."

సాయంత్రం నాలుగింటికి మేస్త్రి షాపు చేరారు. కుర్రమెకానిక్కులూ, కార్లు బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్లూ మూగారు. ఆమె మీటరును తండ్రి బల్ల మీద పెట్టి, తండ్రి గిన్నెలో, తండ్రి పొయ్యి మీద మరిగించింది. ముల్లు ఏడు గీతలు దాటింది. గొట్టం వంద దగ్గర గుంజ పాతినట్టు నిలబడింది.

"గొట్టం బాగైందా నాన్నా?" అంది.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, ఉడుకుమోతులా గొట్టాన్ని లాక్కుని తిప్పి తిప్పి చూశాడు. ఆమె నవ్వు ఆపేసి అందరికీ వినపడేట్టు చెప్పింది. "తప్పు నాదే. నేను కుదిర్చిన ఇరవై మూడు మీటర్లూ ఏడేసి గీతలు ఎక్కువ చూపిస్తాయి. ఒక్కోదాన్నీ వెనక్కి పిలిచి నేనే సరిచేస్తాను."

ఆ మాట చెబుతుంటే ఆమెకు సిగ్గేయలేదు. ఎందుకు తప్పో తెలిసిన తప్పు అది. వెతికి పట్టుకున్నదీ తనే. లోపల ఏదో నిటారుగా నిలబడినట్టనిపించింది. కానీ తండ్రి బోర్డు మాట ఎత్తలేదు. "చీకటి పడకముందే కొండెక్కండి" అని నిదానానికి చెప్పి లోపలికెళ్లిపోయాడు. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మర్నాడు గిన్నె అంచు మీద మేకుతో 93 అని గీసింది. ఇక మీదట ఈ ఊళ్లో నీళ్లు మరిగితే ముల్లు తొంభై మూడు మీద నిలబడాలి. మొదట నిదానం మీటరే సరిచేసింది. తర్వాత ఒక్కో బండికీ కబురు పెట్టింది. కొందరు విసుక్కున్నారు. ఒకాయన మాత్రం, నాలుగు నెలల నుంచి ఇంజిను విప్పిద్దామా అని చూస్తున్నాననీ, ప్రాణం లేచొచ్చిందనీ చెప్పి పళ్లబుట్ట ఇచ్చిపోయాడు. చెరిపేస్తానన్న మాట గుర్తున్నా, బోర్డు జోలికి మాత్రం ఆమె పోలేదు. రోజూ షట్టరు తీసేటప్పుడు తలెత్తి ఆ రెండు మాటలూ చూసేది. వాటి కింద నిలబడే హక్కు తనకుందో లేదో చెప్పాల్సిన మనిషి ఇంకా చెప్పలేదు.

ఇరవై మూడు బండ్ల పనీ ముగిసిన రోజు నిదానం వచ్చాడు. ఇప్పుడతను ఏ మలుపులోనూ ఆగడం లేదు. అయినా నిదానమే.

"అక్కా, మేస్త్రిగారు ఉత్తరమిచ్చారు. నీక్కాదు, పంతులుగారికి. జవాబు పట్టుకునే రమ్మన్నారు."

పంతులు అప్పుడే బడి నుంచి వచ్చాడు. అలవాటు కొద్దీ జేబులోంచి ఎర్రకలం తీసి, కాగితం విప్పి, పైకే చదివాడు.

"అల్లుడుగారికి. నా షాపు బోర్డు కొత్తగా రాయిస్తున్నాను. పెయింటరు నిచ్చెనెక్కి కూర్చున్నాడు. 'మీటర్ల మేస్త్రి' అన్న మాట కింద ఇంకో ముక్క చేర్చాలి. 'కొండ మీద మేస్త్రిగారి తండ్రి' అని. సొంత కూతురికి గారు ఏంటని పెయింటరు నవ్వుతున్నాడు. ఉండాలని నేనంటున్నాను. నలభై ఏళ్లు నీళ్లు మరిగించాను, నీళ్లని అడగాల్సిన మాట ఒక్కనాడూ అడగలేదు. నా కూతురు అడిగింది. వ్యాకరణం ఏమంటుందో మీరు చూసి చెప్పండి."

ఆమె కాగితం లాక్కుని తనే ఒకసారి చదివింది. అక్షరాలు అలుక్కుపోయాయి. ఏడుస్తున్నానని దాచుకోలేదు, దాచుకునే పని కాదు కూడా.

పంతులు ఎర్రకలానికి మూత పెట్టి గొంతు సవరించుకున్నాడు. "వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే. గారు పెట్టినా తప్పులేదు, తీసేసినా తప్పులేదు."

"మరి ఏం చెప్పమంటారు?" అన్నాడు నిదానం. "పెయింటరు నిచ్చెన మీదే ఉన్నాడు, పాపం."

ఆమె ముక్కు తుడుచుకుని, కొంగు దోపుకుని, పలక మీదున్న కొత్త మీటరు దగ్గరికి నడిచింది.

"గారు ఉంచమని చెప్పు."